జనవరిలో బోటు, రాత్రికి 27 డిగ్రీలు

ప్రశ్న

అన్నగారూ, నమస్తే. మాది రాజోలు దగ్గర ఒక లంక గ్రామం. ఇప్పుడు డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కోలో ఉంటున్నాం. చిన్నప్పుడు పడవ ఎక్కందే బడికి వెళ్ళే దారి లేదు మాకు. ఆ సరదా చావక, పోయిన వేసవిలో సెకండ్‌హ్యాండ్ ఇన్‌బోర్డ్ బోటు (ఇంజిన్ లోపలే ఉండేది) ఒకటి కొన్నాను. 5.7 లీటర్ల వీ-8 పెట్రోలు ఇంజిన్, లేక్ నీళ్ళతోనే చల్లబడే రకం. హీటరు, షవరు కూడా ఉన్నాయి. ఇక్కడ అందరూ నవంబరులో ఇంజిన్‌కి చలికాలం సర్వీసు చేయించి కవరు కప్పేస్తున్నారు. కానీ జనవరిలో కూడా ఒక్కో శనివారం 70 డిగ్రీల (ఫారన్‌హీట్) ఎండ కాస్తోంది. పిల్లలు వెట్‌సూట్లు కొనిపించుకుని కూర్చున్నారు. సర్వీసు వాళ్ళేమో బోటు తీసిన ప్రతిసారీ మళ్ళీ చేయించుకోవాలంటున్నారు, ప్రతిసారీ డబ్బే. ఇంజిన్ పెట్టెలో వంద వాట్ల బల్బు వెలిగించి వదిలేయమని ఒక మిత్రుడు, గులాబీరంగు యాంటీఫ్రీజ్ (చలికి గడ్డకట్టని ద్రవం) పోస్తే చాలని ఇంకొకాయన. ఏది వినాలి? ఇంకో సంగతి చెప్పడానికి సిగ్గుగా ఉంది. మొన్న ఆదివారం లేక్ లూయిస్‌విల్ నుంచి అలసిపోయి వచ్చి, ఇంజిన్‌లో నీళ్ళు తీయకుండా పడుకున్నాను. తెల్లారి ఫోను చూస్తే 27 డిగ్రీలు, నీళ్ళు గడ్డకట్టే చలి. ఇంజిన్ ఇంకా స్టార్ట్ చేయలేదు. చేయొచ్చా?

సమాధానం

తమ్ముడూ, మీరు సిగ్గుపడుతూ చివర్లో రాసిన ముక్కే ముందు చూడాలి. ఇప్పటిదాకా తాళం తిప్పలేదు, అదే పదివేలు. కింద చెప్పినవన్నీ చూసేదాకా తిప్పకండి.

చలి చేసే నష్టం ఒకటి, ఆ తరవాత మనం తొందరపడి చేసుకునే నష్టం ఇంకొకటి. నీళ్ళ పంపులో రబ్బరు రెక్కల చక్రం ఉంటుంది, ఇంపెల్లర్ అంటారు. అందులో ఇంకా మంచు ఉండగా ఇంజిన్ తిరిగితే ఆ రెక్కలు తునిగిపోతాయి. ఆ ముక్కలు గొట్టాల్లోకి పోయి ఎక్కడో అడ్డుపడతాయి. అది చిన్న నష్టం. బ్లాకు (ఇంజిన్ పోత ఇనుప ఒళ్ళు) గానీ, పొగ బయటికి పంపే మ్యానిఫోల్డు గానీ లోపలివైపు పగిలి ఉంటే, స్టార్ట్ చేయగానే నీళ్ళు ఆయిల్లో కలిసి, ఆ నీళ్ళాయిలే బేరింగులన్నిటికీ చేరుతుంది. మ్యానిఫోల్డు ఒకటి మార్చుకుంటే పోయేదానికి ఇంజిన్ మొత్తం మార్చాల్సి వస్తుంది.

కాబట్టి ఇలా చేయండి. పగటిపూట, ఉష్ణోగ్రత 50 దాటిన రోజున, ఎండ బాగా తగిలాక ఇంజిన్ పెట్టె తెరవండి. (డిగ్రీలన్నీ ఫారన్‌హీటే రాస్తున్నాను, నీళ్ళు గడ్డకట్టేది 32 దగ్గర.) ముందు ఆయిల్ మట్టం చూసే డిప్‌స్టిక్ తీసి చూడండి. ఆయిల్ మట్టం ఉండాల్సిన గీతకన్నా పైకి ఉన్నా, రంగు పల్చటి మజ్జిగలా తిరిగినా అక్కడితో ఆగి మెకానిక్‌ని పిలవండి. ఆయిల్ బాగుంటే టార్చిలైటు వేసి బ్లాకు రెండు పక్కలా, ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డుల అడుగున, చేయి పట్టినంతమేరా తడిమి చూడండి. పగులు చాలాసార్లు వెంట్రుకవాసి గీతలా ఉంటుంది, దాని వెంబడి తడి, కొత్త తుప్పు కనబడతాయి. తరవాత నీళ్ళు తీసే ప్లగ్గులన్నీ విప్పండి. నీళ్ళు ధారగా వస్తే లోపల మంచు లేదు. అన్నీ మళ్ళీ బిగించి, ఇంటి దగ్గరే నీళ్ళ గొట్టం తగిలించి, పదినిమిషాలు నిదానంగా నడిపించి, ఆపి, ఆయిల్ ఇంకోసారి చూడండి. అప్పుడూ మామూలుగానే ఉంటే బతికిపోయారు.

నా అంచనా అడిగితే, బతికే ఉంటారు. ఆ సాయంత్రమే నడిచిన ఇంజిన్, మూత వేసిన పెట్టె, అంత పోత ఇనుము. ఆ వేడి ఒక రాత్రిలో ఊరికే పోదు. తెల్లవారుజామున ఏ రెండు మూడు గంటలో 27 ఉండి, పొద్దెక్కగానే 40కి వస్తే బ్లాకు దాకా చలి దిగడం కష్టం. నాకు అనుమానమల్లా సన్నవాటి మీద: ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలరు (గేర్ల ఆయిల్‌ను చల్లబరిచేది), హీటరు గొట్టాలు, షవరు. వాటిలో ఉండేది గుప్పెడు నీళ్ళే, చల్లారడానికి ఎంతోసేపు పట్టదు. అన్నిటికన్నా ముందు అవే పోతాయి.

మన ఊళ్ళో ఈ గొడవ ఎవరికీ తెలియదు. లంబసింగిలో గడ్డిమీద మంచు పేరుకుందంటే కార్లు కట్టుకుని వెళ్ళి చూసొచ్చే జనం మనం. పాపికొండల లాంచీ నడిపే సరంగు ఇంజిన్‌కి ఎండ, ఇసుక, వరద గురించి బెంగపడతాడు గానీ చలి గురించి కాదు. మనకి గడ్డకట్టడం అంటే తెలిసిందల్లా సంక్రాంతి ముందు కొబ్బరినూనె సీసా. ఆ సీసా ఎప్పుడైనా పగిలిందా? పగలదు. నూనె గడ్డకడితే కుంచించుకుపోతుంది. నీళ్ళది తిరకాసు, గడ్డకడితే ఉబ్బుతాయి, ఇంచుమించు నూటికి తొమ్మిది పాళ్ళు. పోత ఇనుముకు సాగే గుణం లేదు, సాగలేక పగులుతుంది. ఇంజిన్ పక్కల గుండ్రటి రేకు మూతలు కనిపిస్తాయి చూడండి, ఫ్రీజ్ ప్లగ్గులంటారు. మంచు కడితే అవి ఊడిపోయి బ్లాకును కాపాడతాయని మీకు చెప్పేవాళ్ళు దొరుకుతారు. నమ్మకండి. బ్లాకు పోత పోసినప్పుడు లోపలి ఇసుక తీయడానికి వదిలిన కంతలకు వేసిన మూతలవి. ఒక్కోసారి అవి ఊడతాయి, ఒక్కోసారి అవి అలాగే ఉండి బ్లాకు పగులుతుంది, ఒక్కోసారి రెండూ జరుగుతాయి.

కారుకు రాని బాధ మీ బోటుకు ఎందుకంటే, కారులో తిరిగేది యాంటీఫ్రీజ్ కలిపిన నీళ్ళు, అవి బయటికి రావు. మీ ఇంజిన్ లేక్‌లోంచి నీళ్ళు పీల్చుకుని, ఒళ్ళంతా తిప్పి, పొగతోపాటు వెనక్కి చిమ్మేస్తుంది. తాళం ఆపేసరికి ఎక్కడి నీళ్ళు అక్కడే నిలబడతాయి, అదీ వట్టి లేక్ నీరు. బోటు వెనక బయట తగిలించే ఔట్‌బోర్డ్ మోటారును నిలువుగా దించి ఉంచితే నీళ్ళు వాటంతటవే కారిపోతాయి. అందుకే చలికాలం చేపలు పట్టేవాళ్ళు నిబ్బరంగా తిరుగుతారు. ఇన్‌బోర్డుకు ఆ అదృష్టం లేదు, మనమే తీయాలి.

ఇక మీ అసలు ప్రశ్న. చలికాలంలో బోటు తీయొచ్చా? హాయిగా తీయొచ్చు. నేనూ తీస్తాను. కానీ బల్బూ వద్దు, హీటరును నమ్ముకోవడమూ వద్దు, ప్రతిసారీ సర్వీసు వాళ్ళకి డబ్బు కట్టడమూ వద్దు. లేక్ నుంచి బయటికొచ్చిన ప్రతిసారీ నీళ్ళు తీసేయండి. సాయంత్రం ఎంత వెచ్చగా ఉన్నా సరే. ఈ ఊరి వాతావరణం సంగతి మీకు తెలుసుగా, మధ్యాహ్నం చొక్కా చేతులు మడిచి తిరుగుతాం, ఉత్తరం నుంచి గాలి మళ్ళిందంటే చీకటి పడేసరికి స్వెట్టర్లు వెతుక్కుంటాం. బ్లూ నార్దర్ అంటారు ఇక్కడి పాతకాపులు. అలాంటి చోట రేపటి ఉష్ణోగ్రత చూసి ఈ రాత్రి నీళ్ళు తీయాలా వద్దా అని నిర్ణయించుకునేవాడు ఏదో ఒక రోజు తప్పుతాడు.

నేను తప్పాను, అందుకే చెబుతున్నాను. నా పాత బోటుకు ఇంజిన్ గదిలో పెట్టే మంచి హీటరే ఉండేది, 40 కన్నా దిగితే తనంతట తనే వెలిగేది. మూడు చలికాలాలు అదే కాపాడింది, నేనూ నీళ్ళు తీయడం మానేశాను. 2021 ఫిబ్రవరి వచ్చింది. 15వ తేదీ తెల్లవారకముందే టెక్సస్ అంతటా కరెంటు కోతలు మొదలయ్యాయి. 16న డాలస్–ఫోర్ట్‌వర్త్ విమానాశ్రయం దగ్గర మైనస్ 2 పడింది, మన లెక్కలో మైనస్ 19 సెల్సియస్. ఇంట్లో పిల్లల్ని దుప్పట్లలో చుట్టుకుని కూర్చున్నవాడికి బోటు ఏం గుర్తొస్తుంది? గుర్తొచ్చినా అప్పటికి ప్లగ్గులు బిగుసుకుపోయి ఉంటాయి, లోపల ఉన్నది నీళ్ళు కాదు, రాయి. వారం తరవాత ఎండకి కరిగి, బ్లాకు రెండు పక్కల నుంచీ కారింది. హీటరు ఎంత మంచిదైనా కరెంటుతో నడిచేదే. మరీ చలిగా ఉన్న రాత్రే కరెంటు పోతుందని ఆ వారం నాకు తెలిసింది.

నీళ్ళు తీయడం మొదటిసారి మీకు గంట పడుతుంది. నాలుగోసారికి పావుగంట. బోటు ట్రెయిలరు మీద ఉండగానే చేయాలి, నీళ్ళలో ఉండగా కాదు. ఈ రకం బోట్లు చాలావాటికి నీళ్ళు లోపలికొచ్చే దారి మూయడానికి కవాటం ఉండదు. బోటు నీళ్ళ మీద ఉండగా కిందివైపు గొట్టం విప్పితే లేక్ నేరుగా బోటులోకి వస్తుంది. అలా మునిగినవి ఉన్నాయి. మీది ఎప్పుడైనా మెరీనా స్లిప్పులో (రేవులో బోటు కట్టేసే చోటు) ఉంచాలనుకుంటే, కవాటం ఉందో లేదో చూసుకోండి, లేకపోతే బోటును నీటిపైకి ఎత్తే లిఫ్టు ఉన్న చోటే తీసుకోండి. అడుగున లేక్ నీళ్ళు గడ్డకట్టలేదు కదా, బోటు వెచ్చగానే ఉంటుందనుకోవద్దు. ఇంజిన్‌లో ఎక్కువ భాగం నీటిమట్టానికి పైనే, చలిగాలిలోనే ఉంటుంది.

బోటు దించే ర్యాంపు దిగువన తీయకండి. మీ నీళ్ళు ఆ ఏటవాలు మీద గడ్డకడితే వెనకొచ్చేవాడి ట్రక్కు లేక్‌లోకి జారుతుంది. పైన పార్కింగ్‌లో సమంగా ఉన్నచోట ఆపి, పదినిమిషాలు ఇంజిన్‌ను చల్లారనివ్వండి. లోపలి నీళ్ళు 140, 160 డిగ్రీల దాకా ఉంటాయి, మోచేతి మీద పడితే బొబ్బలే. కుదిరితే అక్కడే తీయడానికి ఇంకో కారణం కూడా ఉంది. టెక్సస్‌లో 2014 జూలై నుంచి, పబ్లిక్ మంచినీటి లేక్‌ల నుంచి బయటికొచ్చే బోటులో నీళ్ళు ఉండకూడదని చట్టం, మోటారుతో సహా. జీబ్రా మస్సెల్ అనే వేలిగోరంత ఆల్చిప్ప ఒక లేక్ నుంచి ఇంకో లేక్‌కు ఈ నీళ్ళలో కూడా ప్రయాణిస్తుంది. టెక్సస్‌లో 2009లో లేక్ టెక్సోమాలో మొదట కనిపించింది, ఇప్పుడు గొట్టాలన్నిటా గుత్తులుగా పట్టేస్తోంది. అంటే మీరు ఎలాగూ చేయాల్సిన పనే ఇది, వేసవిలో కూడా.

ఎక్కడెక్కడ తీయాలి? బ్లాకుకు రెండు పక్కలా, అడుగువైపు, ఒక్కో ప్లగ్గు ఉంటుంది. ఫ్యూయెల్ ఇంజెక్షన్ ఇంజిన్ అయితే ప్లగ్గు ఉండాల్సిన చోట వైరు తగిలించిన నాక్ సెన్సారు కనబడొచ్చు. కంగారు పడకండి, అది కూడా ఆ కంతకు బిగించినదే, వైరు ఊడదీసి మెల్లగా విప్పండి. తిరిగి పెట్టేటప్పుడు దానికి టేపు చుట్టకండి, బలమంతా పెట్టి బిగించకండి. దాని ఖరీదు ప్లగ్గు ఖరీదు లాంటిది కాదు. రెండు ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డులకూ అడుగున చెరొకటి. ఇంజిన్ ముందు తిరిగే పెద్ద పంపు కిందికి వచ్చే లావుపాటి గొట్టం, అది విప్పితే బోలెడు నీళ్ళు వస్తాయి. ఇంపెల్లర్ ఉన్న పంపు గొట్టాలు రెండూ. ట్రాన్స్‌మిషన్ ఆయిల్ కూలరు గొట్టం, చాలా బోట్లలో అన్నిటికన్నా పల్లంలో ఉండేది అదే, అందరూ మరిచిపోయేదీ అదే. నీళ్ళు వడకట్టే స్ట్రెయినరు గిన్నె ఉంటే అది. అన్నీ విప్పాక, ఇంజిన్ అంటుకోకుండా సేఫ్టీ లాన్యార్డ్ (లాగితే ఇంజిన్ ఆగే తాడు) లాగేసి, స్టార్టరు ఒక్క సెకను తిప్పితే ఇంపెల్లర్ రెక్కల మధ్య మిగిలిన నీళ్ళు కూడా బయటపడతాయి. ఒక్క సెకనే. నీళ్ళు లేకుండా ఎక్కువ తిరిగితే రబ్బరు కాలిపోతుంది.

ఇక్కడ చాలామంది చేసే పొరపాటు చెబుతాను. ప్లగ్గు విప్పుతారు, నాలుగు చుక్కలు వస్తాయి, "అయిపోయింది" అనుకుని వెళ్ళిపోతారు. అయిపోలేదు. లేక్ నీళ్ళతోపాటు వచ్చిన వండ్రు, లోపలి తుప్పు కలిసి ఆ కంత దగ్గరే మడ్డిలా పేరుకుంటాయి. వెనక నిండా నీళ్ళుంటాయి, ముందు బిరడా పడి ఉంటుంది. అందుకని ప్రతి కంతలోనూ గట్టి తీగ పెట్టి కెలకాలి, ఒకసారి కాదు, ధార ఆగిన ప్రతిసారీ. నా దగ్గర పాత కోటు హ్యాంగరు విరిచిన తీగ ఉంది, దానికి మించిన పనిముట్టు లేదు. ఇంకొకటి, ఒక బకెట్ ఈ పనికే కేటాయించండి. మొదటిసారి అన్ని కంతలూ కెలికి, బాగా వచ్చాయనుకున్నాక, ఒక్కో చోట ఎన్ని నీళ్ళు పడ్డాయో బకెట్ లోపలివైపు మార్కరుతో గీత గీయండి: ఎడమ బ్లాకు, కుడి బ్లాకు, అలా. బ్లాకు ఎడమా కుడీ ఇంచుమించు సమానంగా రావాలి. తరవాత ఎప్పుడైనా ఒక గీత దాకా రాకపోతే అక్కడ మడ్డి ఉందని లెక్క. కళ్ళతో చూసి చెప్పలేనిది బకెట్ చెబుతుంది.

ఇత్తడి ప్లగ్గులు ప్రతివారం పానాతో విప్పడం విసుగనిపిస్తే, వాటి స్థానంలో పొట్టి రబ్బరు గొట్టం, కొసన చేత్తో తిప్పే మూత ఉండే సెట్లు దొరుకుతాయి. నేను అవే పెట్టుకున్నాను, సుఖంగా ఉంది. చిన్న పిడి తిప్పితే నీళ్ళు కారే కుళాయిలు మాత్రం వద్దు. వాటి రంధ్రం మరీ సన్నం, వండ్రుకు ఇట్టే మూసుకుంటుంది, తీగ కూడా దూరదు.

హీటరు, షవరు ఉన్నాయన్నారు. ఇంజిన్ నీళ్ళు తీసినంత మాత్రాన వాటిలోవి రావు. హీటరుకు వెళ్ళే రెండు గొట్టాలూ ఇంజిన్ వైపు విప్పి, ఒకదానిలోంచి గాలి ఊదండి. చిన్న కంప్రెసరు ఉంటే మంచిది, లేకపోతే షాప్‌వ్యాక్ అనే పెద్ద వాక్యూమ్‌ను తిరగేసి ఊదించినా పని జరుగుతుంది. గాలి మాత్రం మెల్లగా వదలండి, లోపలి రాగి గొట్టాలు మరీ పలచన. రెండో గొట్టంలోంచి తుంపర్లు ఆగి పొడి గాలి వచ్చేదాకా ఊదాలి. షవరు పంపు విడిగా ఆన్ చేసి ఖాళీ చేయండి. అలలు లేపడానికి బరువు నింపే బ్యాలాస్ట్ సంచులు మీ బోటుకు ఉంటే, వాటి పంపులూ అంతే. ఇంత పని ప్రతివారం ఎందుకనుకుంటే, హీటరు వాడని చలికాలంలో ఆ రెండు గొట్టాలనూ ఇంజిన్ దగ్గరే ఒకదానికొకటి కలిపేసి, హీటరును ఖాళీగా పక్కన పెట్టేయొచ్చు. పిల్లలు ఊరుకుంటారా అన్నది మీ ఇంటి సంగతి.

విప్పిన ప్లగ్గులన్నీ ఎక్కడ పెడతారు? బోటులో ఏ కప్పు గుంటలోనో పెడితే వచ్చే శనివారం ఒకటి తక్కువవుతుంది. జిప్ సంచిలో వేసి, ఆ సంచిని బోటు తాళంచెవికి కట్టేయండి. అడుగున ఉండే బోటు ప్లగ్గు కూడా అందులోనే. సంచి ఖాళీ అయ్యేదాకా బోటు నీళ్ళలోకి దిగకూడదని ఇంట్లో నియమం పెట్టుకోండి. మా ఇంట్లో సంచి లెక్కపెట్టే ఉద్యోగం మా చిన్నదానిది, ఏడు ప్లగ్గులు ఏడూ గట్టిగా లెక్కపెట్టి చెప్పందే ట్రక్కు రివర్స్ గేరు పడదు.

మీ మిత్రుడు చెప్పిన బల్బు సంగతి. పాతకాలం సలహా అది, చాలామంది ఇచ్చేదే, ఆయన్ని తప్పుపట్టను. కానీ చేయకండి. మీది పెట్రోలు ఇంజిన్. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, బోటు అడుగున పేరుకుంటుంది. స్టార్ట్ చేసేముందు నాలుగు నిమిషాలు ఆవిరిని బయటికి తోసే బ్లోయర్ తిప్పమని బోటులో రాసి ఉండేది అందుకే. అలాంటి గదిలో మామూలు బల్బు పగిలినా, ఇంటి హీటరు స్విచ్చి టక్కుమన్నా చాలు. పెట్టదలచుకుంటే ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్ (ఆవిరిని అంటించనిది) అని రాసి ఉన్న, ఇంజిన్ గదుల కోసమే చేసిన హీటరు పెట్టండి, అది కూడా నీళ్ళు తీసేసిన తరవాత రెండో కాపలాగా. మీ బోటు ఇంట్లో కాకుండా స్టోరేజ్ లాటులో ఉంటే ఆ గొడవే లేదు. చాలా హెచ్‌ఓఏలు (కాలనీ ఇళ్ళ యజమానుల సంఘాలు) వాకిట్లో బోటు పెట్టనివ్వవు కదా, లాటులోనేమో కరెంటు ప్లగ్గు పాయింటు కూడా ఉండదు.

గులాబీరంగు యాంటీఫ్రీజ్ చెడ్డది కాదు, దాని సమయం వేరు. ఇక ఈ సీజనుకు చాలు, ఏప్రిల్ దాకా తీయం అనుకున్న రోజున వాడండి. నీళ్ళున్న ఇంజిన్‌లో పోస్తే పల్చనైపోతుంది కాబట్టి ముందు ఖాళీ చేసి తరవాతే పోయాలి. ఇంకో చిక్కు: గొట్టం ద్వారా పీల్పించి, వెనక ఎగ్జాస్ట్ లోంచి గులాబీరంగు రాగానే నిండిందనుకుంటారు. ఇంజిన్ వేడెక్కకపోతే వేడికి తెరుచుకునే కవాటం, థర్మోస్టాట్, మూసే ఉంటుంది, ఆ మందంతా బ్లాకులోకి పోకుండా పక్కదారిన బయటికొచ్చేస్తుంది. వెనక గులాబీరంగు, లోపల లేక్ నీళ్ళు. బ్లాకును ఖాళీ చేసి, గొట్టం విప్పి, గరాటుతో నేరుగా పోయడమే నాకు నమ్మకం. డబ్బా మీద మైనస్ 50 అని ఉంటుంది, అది గొట్టాలు పగలని హద్దు. అంతకు చాలా ముందే అది చిక్కబడి పాకంలా తయారవుతుంది. కొనేటప్పుడు ప్రొపిలీన్ గ్లైకాల్‌తో చేసినదే తీసుకోండి. కార్లలో వాడే ఎథిలీన్ గ్లైకాల్ విషం, మళ్ళీ స్టార్ట్ చేసినప్పుడు అదంతా మన లేక్‌లోకే పోతుంది. ప్రతి వారాంతం గులాబీ మందు పోసి ప్రతి వారాంతం లేక్‌లో వదలడం డబ్బుకూ దండగే, నీళ్ళకూ మంచిది కాదు.

చలికాలమంతా బోటు తీసే అలవాటు మీకు స్థిరపడితే, రెండేళ్ళాగి క్లోజ్డ్ కూలింగ్ గురించి ఆలోచించండి. కారులో లాగా బ్లాకులో యాంటీఫ్రీజ్ తిరుగుతుంది, లేక్ నీళ్ళు హీట్ ఎక్స్‌ఛేంజర్ అనే గొట్టపు పెట్టె దాకా వచ్చి వెళ్తాయి. సగానికి సగం కలిపిన కారు యాంటీఫ్రీజ్ మైనస్ 30 దాటినా గడ్డకట్టదు, బ్లాకు బెంగ తీరినట్టే. అయితే సగం సెట్లు, పూర్తి సెట్లు అని రెండు రకాలు అమ్ముతారు. సగం సెట్టులో మ్యానిఫోల్డులకు ఇంకా లేక్ నీళ్ళే. పూర్తి సెట్టులో కూడా పంపు, హీట్ ఎక్స్‌ఛేంజర్, ఎగ్జాస్ట్ మోచేతులు లేక్ నీళ్ళవే, వాటిని తీయక తప్పదు. పని తగ్గుతుంది, పోదు.

నీళ్ళ మీద ఉన్నంతసేపూ దిగులు లేదు, నడిచే ఇంజిన్ వెచ్చగానే ఉంటుంది. ఒడ్డుకు చేరాకే జాగ్రత్త. నీళ్ళు తీయకుండా చలిరోజున అరవై మైళ్ళ వేగంతో లాక్కుపోతే, ఇంజిన్ చల్లదనం గాలి ఉష్ణోగ్రతకన్నా కిందికి దిగదు గానీ ఆ ఉష్ణోగ్రతకు చాలా త్వరగా దిగుతుంది, సన్నగొట్టాలు దారిలోనే బిగుసుకోవచ్చు. ఇంటికెళ్ళి తీద్దాం అనుకునే రోజుల్లో ఇది గుర్తుంచుకోండి. బ్యాటరీ కూడా నిండా చార్జి చేసి ఉంచండి, నిండిన బ్యాటరీ ఇక్కడి చలికి గడ్డకట్టదు, ఖాళీది 20ల్లోనే కడుతుంది. పిల్లల వెట్‌సూట్లు సరే, పైన లైఫ్‌జాకెట్లు కూడా వేయండి, మీరూ వేసుకోండి. గోదారిలో ఈదిన మనకి జనవరి నీళ్ళలో పడగానే ఊపిరి బిగుసుకుపోవడం అంటే తెలియదు.

మీ ఇన్సూరెన్సు కాగితాలు ఈ వారమే తీసి చూడండి. మంచుతో పగిలిన ఇంజిన్‌కు డబ్బివ్వం అని చాలా పాలసీల్లో రాసి ఉంటుంది, దానికి విడిగా అదనపు ప్రీమియం కట్టాలి. నా పాలసీలో కూడా అలాగే ఉంది. నేను చదివింది 2021 మార్చిలో.